వాల్వు నుంచి కుండ దాకా: ఇంట్లో కట్టిన యాంప్లిఫయర్ల చరిత్ర

సన్నటి విద్యుత్ సంకేతాన్ని స్పీకర్ కోన్‌ను కదిలించేంత బలానికి పెంచేది యాంప్లిఫయర్. ఆ కదలికను గదిలో పాటగా వినిపించేది స్పీకరూ, దాన్ని బిగించిన పెట్టే. ఈ రెంటినీ కొనకుండా ఇంట్లోనే కట్టుకునే అలవాటుకు దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది. వాల్వుల కాలం, ట్రాన్సిస్టర్ల కాలం, చిప్పుల కాలం అని ఆ చరిత్రను మూడు ముక్కలుగా చెప్పడం పరిపాటి. కట్టేవాడి బల్ల దగ్గర నిలబడి చూస్తే ఇంకో వరస కనిపిస్తుంది. అతని చేతికి మిగిలిన పని ఏమిటన్నది తరానికో తీరుగా మారింది. మొదట్లో అతను ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాడు, తర్వాత వేడిని వదిలించే తంటాలో పడ్డాడు, చివరికి పెట్టె ఒక్కటే పూర్తిగా అతని సొంత పనిగా మిగిలింది.

అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడ్ల వాల్వును 1906లో తయారుచేశాడు. దాని పేరు ఆడియన్. మొదట అది రేడియో సంకేతాన్ని పసిగట్టడానికే పనికొచ్చింది. సంకేతాన్ని పెంచడానికి కూడా పనికొస్తుందని తేలడానికి మరో ఆరేళ్లు పట్టింది. ఆ సంగతి తేలాక టెలిఫోన్ కంపెనీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. 1915 జనవరిలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య మొదలైన టెలిఫోన్ సంభాషణ ఇలాంటి వాల్వుల పుణ్యమే. 1920లలో రేడియో ప్రసారాలు ఇళ్లకు చేరినప్పుడు చాలామంది దగ్గర ఉన్నది ఒక్కరు చెవికి తగిలించుకుని వినే హెడ్‌ఫోన్. ఇంటిల్లిపాదీ వినాలంటే రేడియో వెనక ఒకటి రెండు వాల్వుల యాంప్లిఫయర్ చేర్చాలి. వంటింట్లో రొట్టె కోసే చెక్కపలక మీద వాల్వుల సాకెట్లు మేకులతో బిగించి, రాగి తీగలు పైపైనే కలిపి దాన్ని కట్టేవారు. సర్క్యూట్‌ను పరీక్షించి చూసే పలకకు ఇప్పటికీ నిలిచిన బ్రెడ్‌బోర్డ్ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే.

అప్పటి స్పీకర్లు ఇనుప రేకును ఆడించే గొట్టాలు. మాట తెలిసేది గానీ మృదంగం వినబడేది కాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రచురించిన పరిశోధనతో ఈ పరిస్థితి మారింది. కాగితపు కోన్, దాని మెడకు తీగచుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం: నేటి స్పీకర్ కూడా మౌలికంగా ఇదే. ఇది రావడంతో పెట్టె సమస్య కూడా పుట్టుకొచ్చింది. కోన్ ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి ఒత్తుకుంటుంది, వెనకవైపు గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే ముందున్న గాలి అంచు చుట్టూ తిరిగి వెనక ఖాళీని నింపేస్తుంది, శబ్దం అక్కడికక్కడే చెల్లిపోతుంది. తరంగం పొడవు ఎక్కువగా ఉండే మంద్రస్వరాలకే ఈ నష్టం ఎక్కువ. చేత్తో పట్టుకున్న స్పీకర్ కీచుమంటూ పలకడానికీ, అదే స్పీకర్‌ను పలకకు చేసిన రంధ్రం మీద పెట్టగానే గొంతు రావడానికీ కారణం ఇదే. మొదట్లో పెద్ద పలక, తర్వాత వెనక తెరిచిన పెట్టె వాడారు. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురాస్ కోన్ వెనకవైపు శబ్దాన్ని వృథా పోనివ్వకుండా, పెట్టెకు ఒక కంత పెట్టి, ఆ కంతలోని గాలి సీసా మూతి మీద ఊదినప్పటిలా మోగేలా చేశాడు. 1930లో దరఖాస్తు చేసుకుంటే 1932లో పేటెంటు వచ్చింది. బేస్ రిఫ్లెక్స్ పెట్టెల వంశానికి మూలపురుషుడు అదే.

స్పీకర్ బాగుపడేసరికి యాంప్లిఫయర్ లోపాలు బయటపడ్డాయి. వాల్వు సంకేతాన్ని పెంచుతూనే దాని రూపాన్ని కొంత వంకర చేస్తుంది, లేని స్వరాలను కలుపుతుంది. 1927 ఆగస్టు 2న హారాల్డ్ బ్లాక్ అనే బెల్ ల్యాబ్స్ ఇంజనీరు పనికి వెళ్తూ హడ్సన్ నది దాటించే పడవలో ఉండగా పరిష్కారం తట్టింది. బయటికొచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని తలకిందులు చేసి మళ్లీ మొదటికి పంపితే, యాంప్లిఫయర్ చేసిన తప్పును యాంప్లిఫయరే దిద్దుకుంటుంది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్‌లో అచ్చు సరిగా పడని పేజీ మీదే ఆయన బొమ్మ, సమీకరణం గీసుకున్నాడు. పేటెంటు చేతికి రావడానికి 1937 చివరిదాకా ఆగాల్సి వచ్చింది. పెరిగే శక్తిని కావాలని కొంత పారేసుకోవడం అప్పటి ఇంజనీర్లకు మింగుడుపడలేదు మరి. ఫీడ్‌బ్యాక్ అనే ఈ పద్ధతి టెలిఫోన్ లైన్ల కోసం పుట్టింది. ఇళ్లలోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

దాన్ని ఇళ్లలోకి తెచ్చినవాడు డి.టి.ఎన్. విలియమ్సన్. స్కాట్లండ్ వాడు, మార్కోని ఆస్రమ్ వాల్వు కంపెనీలో పనిచేసినవాడు. లండన్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’ 1947 ఏప్రిల్, మే సంచికల్లో ఆయన వ్యాసం రెండు భాగాలుగా వచ్చింది. కేటీ66 వాల్వులు జంటగా పనిచేసి 15 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ అది. డిస్టార్షన్, అంటే సంకేతానికి వచ్చే వంకర, 0.1 శాతం లోపే. ఇంట్లో కట్టిన పరికరానికి అంతకుముందు ఎవరూ ఊహించని అంకె. అంత శుభ్రమైన ధ్వని రావడానికి ఆయన 20 డెసిబెళ్ల ఫీడ్‌బ్యాక్ వాడాడు. చిక్కు ఇక్కడే. ఫీడ్‌బ్యాక్ మార్గంలో వాల్వులను స్పీకర్‌తో కలిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది. అది ఏ మాత్రం నాసిగా ఉన్నా వెనక్కి వచ్చే సంకేతం ఆలస్యమై, తప్పు దిద్దాల్సింది కాస్తా యాంప్లిఫయర్‌ను ఊళ పెట్టిస్తుంది. అందుకే విలియమ్సన్ సర్క్యూట్‌తో సరిపెట్టుకోకుండా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే లెక్క కూడా పూర్తిగా అచ్చువేశాడు.

ఆ లెక్క చూస్తే ఆనాటి ఇంటి పని ఎంతటిదో తెలుస్తుంది. ఒకే రకం బాబిన్లు రెండు. ఒక్కోదాని మీద 30 గేజి ఎనామిల్ తీగతో ఐదు ప్రైమరీ భాగాలు, భాగానికి 440 చుట్లు, అంటే వరసకు 88 చొప్పున ఐదు వరసలు. వాటి సందుల్లో 22 గేజి తీగతో నాలుగు సెకండరీ భాగాలు, ఒక్కోటి 84 చుట్లు. వరసకూ వరసకూ మధ్య సన్నటి కాగితం. రెండు బాబిన్లూ కలిపితే ప్రైమరీ ఒక్కటే 4,400 చుట్లు. చుట్టడానికి చేతి డ్రిల్లును బల్లకు బిగించి, పిడి ఒక్కసారి తిప్పితే బాబిన్ ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కగట్టి, నోట్లో అంకెలు చెప్పుకుంటూ కూర్చునేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది. చివరి వరసలో తీగ తెగితే విప్పి మళ్లీ మొదలుపెట్టడమే. తయారుగా ట్రాన్స్‌ఫార్మర్ అమ్మే కంపెనీలు లేకపోలేదు, కానీ మొత్తం ఖర్చులో పెద్ద వాటా దానికే పోయేది.

మిగతా సరుకు మాత్రం చౌక. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న వాల్వులు, కండెన్సర్లు, మీటర్లు లండన్‌లో లైల్ స్ట్రీట్ కొట్లలో, న్యూయార్క్‌లో కోర్ట్‌లాండ్ స్ట్రీట్ రేడియో రోలో కుప్పలుగా అమ్మకానికి వచ్చాయి. ఛాసిస్ కోసం అల్యూమినియం రేకును ట్రే ఆకారంలో వంచేవారు. వాల్వు సాకెట్‌కు అంగుళం పైచిలుకు గుండ్రటి కంత కావాలి. అంత పెద్ద డ్రిల్లు బిట్టు ఇళ్లలో ఉండదు కాబట్టి గీత వెంబడి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు వేసి, మధ్య బిళ్లను ఊడగొట్టి, ఆకురాయితో నునుపు చేసేవారు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక చక్కటి ఉపాయం ఉండేది. దానికొక్కదానికే కరెంటు ఇచ్చి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగలకు హెడ్‌ఫోన్ తగిలించి, ఒకదాన్ని మెల్లగా తిప్పుతూ గుయ్యిమనే మోత ఎక్కడ సన్నగిల్లితే అక్కడ బోల్టులు బిగించడం. ఈ యాంప్లిఫయర్లలో 450 వోల్టుల కరెంటు పారేది. స్విచ్ ఆపాక కూడా కండెన్సర్లలో అది నిలిచి ఉండేది. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తోనే పరీక్షించాలన్న పాత నియమం అందుకే పుట్టింది.

విలియమ్సన్ సర్క్యూట్ దేశాలు దాటింది. అమెరికాలో 1949 నవంబరులో ‘ఆడియో ఇంజనీరింగ్’ పత్రిక అక్కడ దొరికే 807 వాల్వులతో దాని మార్పు రూపాన్ని ప్రచురించింది. మిషిగన్‌లోని హీత్‌కిట్ సంస్థ దాన్ని కిట్టుగా అమ్మింది. ఇంగ్లండ్‌లో మల్లార్డ్ కంపెనీ 1950ల మధ్యలో తెచ్చిన 5-10 సర్క్యూట్ పేరులోనే లెక్క ఉంది: 5 వాల్వులు, 10 వాట్లు. డేవిడ్ హాఫ్లర్ స్థాపించిన డైనాకో 1959లో అమ్మకానికి పెట్టిన స్టీరియో 70 కిట్టు లక్షల్లో అమ్ముడైంది. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి, ఛాసిస్ కంతలు కొట్టి, చిన్న భాగాలన్నీ సర్క్యూట్ బోర్డు మీద ముందే అతికించి పంపేవారు. కొన్నవాడు ఒకట్రెండు సాయంత్రాలు తీగలు కలిపితే చాలు. సౌకర్యం పెరిగిన కొద్దీ చేతి పని తరిగింది.

అదే కాలంలో పెట్టె మాత్రం ఎవరికి వారు కట్టుకునే వస్తువుగానే ఉండిపోయింది. ఇంగ్లండ్‌లో వార్ఫ్‌డేల్ స్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్ ఈ విషయంలో గురువు. స్పీకర్ల మీద సామాన్యుడికి అర్థమయ్యే పుస్తకాలు ఆయన సొంతంగా అచ్చువేశాడు. పెట్టె గోడ కదిలితే అది రెండో స్పీకర్‌లా తనే పలుకుతుందని, కనుక గోడ బరువుగా, మందకొడిగా ఉండాలని ఆయన నమ్మకం. రెండు పలచటి ప్లైవుడ్ ముక్కల మధ్య ఎండిన ఇసుక నింపి గోడ చేయించాడు. గది మూలన ఇటుకలతో కట్టిన స్పీకర్లను కూడా ప్రోత్సహించాడు. ఆ రోజుల్లో బాగా పలికే పెట్టె అంటే బీరువా అంత ఉండేది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఈ లెక్కను తిరగేశాడు. కోన్‌ను చాలా వదులుగా వేలాడదీసి, గాలి చొరబడని చిన్న పెట్టెలో బిగిస్తే, లోపల బందీ అయిన గాలే స్ప్రింగులా కోన్‌ను వెనక్కి లాగుతుంది. కోన్‌ను పట్టి ఉంచే కట్టు కంటే గాలి స్ప్రింగు నిక్కచ్చిగా పనిచేస్తుంది కాబట్టి మంద్రం శుభ్రంగా వస్తుంది. ఆయన ఏఆర్-1 పెట్టె పరిమాణం రెండు ఘనపుటడుగుల లోపే. 1958లో స్టీరియో రికార్డులు బజారుకు వచ్చినప్పుడు ఇదే గెలిచింది. గదిలో ఒక బీరువాను భరించిన ఇల్లాలు రెండో దాన్ని ఒప్పుకోవడం కల్ల.

ట్రాన్సిస్టర్ 1947 డిసెంబరులోనే పుట్టినా యాంప్లిఫయర్ కట్టేవారికి అది మొదట తలనొప్పి. తొలినాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్ వేడెక్కితే ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ లాగితే ఇంకా వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది. అయితే దానితో పెద్ద లాభం ఒకటుంది. వాల్వులా కాకుండా స్పీకర్‌కు నేరుగా కరెంటు ఇవ్వగలదు. ఆర్‌సీఏలో హెచ్.సి. లిన్ 1956లో ట్రాన్స్‌ఫార్మర్ అవసరమే లేని సర్క్యూట్‌ను ప్రచురించాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో చాలావాటి అస్థిపంజరం అదే. వేల చుట్ల పని ఒక్క దెబ్బతో పోయింది. దాని స్థానంలో వేడిని వదిలించే పని వచ్చింది. ఆర్‌సీఏ వారి 2ఎన్3055 సిలికాన్ ట్రాన్సిస్టర్ రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన లోహపు టోపీలా ఉంటుంది. దాన్ని అల్యూమినియం రెక్కల హీట్ సింక్ మీద, మధ్యలో అభ్రకం పొర వేసి, తెల్లటి పేస్టు రాసి బిగించాలి. అభ్రకం మరిచిపోతే షార్టు, పేస్టు మరిచిపోతే మంట.

1969 ఏప్రిల్‌లో అదే ‘వైర్‌లెస్ వరల్డ్’లో జాన్ లిన్స్‌లీ హుడ్ రాసిన చిన్న వ్యాసం ఈ కాలానికి విలియమ్సన్ లాంటిది. ఆయన కూడా తన యాంప్లిఫయర్‌ను విలియమ్సన్‌తోనే పోల్చి చూపాడు. నాలుగే ట్రాన్సిస్టర్లు, 10 వాట్లు. ట్రాన్సిస్టర్లు వంతులవారీగా ఆగి పనిచేసేటప్పుడు వచ్చే గరగర లేకుండా ఉండాలని స్పీకర్‌ను నడిపే చివరి రెండింటినీ ఎప్పుడూ పూర్తిగా పనిలోనే ఉంచాడు. మూల్యం మాత్రం గట్టిదే. 8 ఓముల స్పీకర్‌కు 27 వోల్టుల దగ్గర 1.2 ఆంపియర్లు, అంటే ఛానెల్‌కు 32 వాట్లు పాట ఉన్నా లేకున్నా వేడిగా పోతూనే ఉంటాయి. దాన్ని కట్టినవారికి సర్క్యూట్ అరపూట పని, రెక్కల అల్యూమినియం అమర్చిన పెట్టె వారం పని. యాంప్లిఫయర్ పెట్టె అందం కోసం కాకుండా ఊపిరి ఆడటం కోసం కట్టాల్సిన వస్తువైంది.

స్పీకర్ పెట్టె లెక్క తేల్చింది ఆస్ట్రేలియా. నెవిల్ థీలే 1961లో అక్కడి ఇంజనీర్ల పత్రికలో కంత పెట్టెల మీద రాసిన వ్యాసం పదేళ్లు మూల పడి ఉంది. 1971లో అమెరికా ఆడియో పత్రిక మళ్లీ అచ్చువేశాక ప్రపంచానికి తెలిసింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. స్పీకర్ మీద మూడు నాలుగు కొలతలు తీస్తే పెట్టె ఎన్ని లీటర్లుండాలో, కంతలో పెట్టే గొట్టం ఎంత పొడవుండాలో కాగితం మీదే తెలిసిపోతుంది. అంతకుముందు వడ్రంగి కట్టి, విని, కూల్చి, మళ్లీ కట్టేవాడు. ఈ లెక్క స్పీకర్ కంపెనీలకు ఎంత ఉపకరించిందో, కాలిక్యులేటర్ పట్టుకున్న ఇంటివాడికీ అంతే ఉపకరించింది.

భారతదేశంలో ఈ వరస కొంత ఆలస్యంగా, కొంత కలగాపులగంగా నడిచింది. దిగుమతి ఆంక్షల వల్ల అప్పట్లో విదేశీ యాంప్లిఫయర్ సామాన్యుడికి అందని పండు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1960లలో వాల్వులు, జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఇక్కడే తయారుచేయడంతో రేడియో మెకానిక్‌లకు సరుకు దొరికింది. 1969లో ఢిల్లీలో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రిక సర్క్యూట్లను నెలనెలా ఇంటికి చేర్చింది. తెలుగువారికి సరుకు బజారంటే హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, దక్షిణాన మద్రాసు రిచీ స్ట్రీట్. ఊళ్లలో యాంప్లిఫయర్ అన్న మాట కంటే ముందు తెలిసింది మైకు సెట్టు. పెళ్లికీ, తిరునాళ్లకీ అద్దెకు తిరిగే ఆ సెట్టును విప్పి బాగుచేసే మెకానిక్ దగ్గరే చాలామంది కుర్రాళ్లు సోల్డరింగ్ ఇనుము పట్టడం నేర్చుకున్నారు. సీసం కరిగి తీగ మీద మెరుస్తూ పాకితే అతుకు మంచిది, ముద్దలా నిలిచి మసకబారితే చెడ్డది అన్న మొదటి పాఠం అక్కడిదే.

క్యాసెట్ల రోజుల్లో ఈ పని గల్లీగల్లీకీ పాకింది. సాన్యో కంపెనీ కారు స్టీరియోల కోసం చేసిన ఎల్‌ఏ4440 చిప్పులో రెండు ఛానెళ్లు, ఒక్కోదానికి 6 వాట్లు. రెంటినీ ఒకే స్పీకర్‌కు ముడిపెడితే 19. కారు కోసం పుట్టినందువల్ల 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. కరెంటు కోతల ఊళ్లకూ, ట్రాక్టర్లకూ అది వరమైంది. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక పెద్ద కండెన్సర్, చేతి వేలంత చిప్పు, తయారుగా దొరికే బోర్డు: విలియమ్సన్ కాలంలో నెలలు పట్టిన పని గంటలోకి వచ్చింది. ఎర్తు తీగలన్నీ ఒకే చోట కలపకపోతే గుయ్యిమనే మోత మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

పెట్టెకు డబ్బు లేనివారు కుండ వాడారు. తెలుగు పల్లెల్లో పాత మట్టికుండ మూతి మీద స్పీకర్ బోర్లించి, అంచుకు గుడ్డో రబ్బరు ట్యూబో చుట్టి మూలన పెట్టిన ఇళ్లు చాలా ఉండేవి. దీన్ని చూసి నవ్వడం తేలిక గానీ శాస్త్రం అటువైపే ఉంది. మూతి గట్టిగా మూస్తే అది విల్చర్ మూసిన పెట్టెకు దూరపు చుట్టం.  కాలిన మట్టి పలచటి ప్లైవుడ్‌లా అదరదు, బ్రిగ్స్ ఇసుక గోడతో కోరుకున్నది కూడా ఆ గుణాన్నే. లోపమల్లా పరిమాణం మన చేతిలో లేకపోవడం. కుమ్మరి నీళ్ల కోసం చేసిన కుండ ఏదో ఒక స్వరం దగ్గర మాత్రం మోగిపోతుంది, మిగతా పాట బుంగలో మాట్లాడినట్టుంటుంది. లోపల పాత దూది కుక్కితే ఆ మోగుడు కొంత తగ్గుతుంది.

ఇప్పుడు యాంప్లిఫయర్ అరచేతిలో పట్టే బోర్డు. కరెంటును సెకనుకు లక్షలసార్లు తెరిచి మూసే క్లాస్ డి పద్ధతి దీనికి మూలం. ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ సంస్థ 1964లోనే ఎక్స్-10 పేరుతో ఇలాంటి కిట్టు అమ్మింది గానీ ఆనాటి ట్రాన్సిస్టర్లు ఆ వేగాన్ని తట్టుకునేవి కావు. చిప్పులు వచ్చాకే అది నిలదొక్కుకుంది. వేడి పెద్దగా లేదు, రెక్కల అల్యూమినియం అక్కర్లేదు, చుట్టాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ లేదు. పాత ల్యాప్‌టాప్ ఛార్జర్ తగిలిస్తే పాడుతుంది. కట్టేవాడు దాంట్లో చేసేది దాదాపు ఏమీ లేదు.

పెట్టె దగ్గర మాత్రం పని అప్పటిలాగే ఉంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించి, మూలలకు లోపలి నుంచి బద్దలు కొట్టి, ఫెవికాల్ పూసి, గాలి జారే సందు లేకుండా చూడాలి. స్పీకర్ కంత గీయడానికి మేకు, దారం, పెన్సిలు చాలు. మంద్రం కోసం పెట్టే గొట్టం ప్లంబింగు కొట్లో దొరికే పీవీసీ పైపే. థీలే లెక్క ఎంత పొడవు చెబితే దానికంటే అంగుళం ఎక్కువ కోసి పెడతారు. ఆ తర్వాత తెలిసిన పాట పెట్టి, గది మూల నుంచి విని, మంద్రం మరీ కిందికి దిగి సోలిపోతుంటే పైపు బయటికి లాగి కొంచెం కోస్తారు. మళ్లీ పెట్టి మళ్లీ వింటారు. ఎక్కువ కోస్తే తిరిగి అతకదు కాబట్టి రంపం ఒక్కోసారి పావు అంగుళం మించి దిగదు.